చేంజోవర్ మీద చెయ్యి

గానిమ్ కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే మిగిలాయి. కూలిన ఇంటి రాళ్లు తీస్తుంటే పైనున్న దూలం జారి, మధ్యలోని మూడింటినీ తీసుకుపోయింది. అంతకుముందు మోసుల్ పాతబస్తీలో జాలీ కిటికీ కావాలంటే ఆయన తలుపే తట్టేవాళ్లు. ఇప్పుడు ఉలి చేతిలో నిలవదు. ఎడమచేత్తో నేర్చుకుందామని చూశాడు. చెక్క పాడైంది, మనసూ పాడైంది. పేటలో మిగతా వడ్రంగుల దుకాణాలు ఊడ్చి బతుకుతున్నాడు.

అలాంటి మనిషికి ఏటి ఒడ్డు కార్ఖానాలో యంత్రం దిగిందన్న కబురు అందింది. ఆ కార్ఖానా ఒకరి సొత్తు కాదు. పేటలో ఎవరైనా వచ్చి అక్కడి పనిముట్లతో తమ పని చేసుకోవచ్చు. నడిపేది రఫల్ అనే ఇంజనీరు పిల్ల. యంత్రం బల్లమీద పట్టేంత ఉంటుంది. కంప్యూటర్లో బొమ్మ గీస్తే చాలు, గిర్రున తిరిగే సన్నటి ఉలి ఆ గీత వెంటే పోయి చెక్కను కోస్తుంది. వేళ్లతో పనే లేదు. ఆ సంగతి విన్న రాత్రి గానిమ్‌కు నిద్ర పట్టలేదు.

అయితే యంత్రాన్ని ఒక సంస్థ అరువుగా ఇచ్చింది. ఇవాళ మధ్యాహ్నం సంస్థ తరఫున సుండుస్ మేడమ్ వస్తుంది. యంత్రం ఒక జాలీ కోసి చూపిస్తే ఇక్కడే ఉంటుంది. లేదంటే వేరే ఊరికి పట్టుకుపోతారు.

పొద్దున్నే ఇద్దరూ దాన్ని బిగించడానికి కూర్చున్నారు. చట్రం వంకర పోకుండా మూల నుంచి మూలకు దారం పట్టి చూశారు. వాల్‌నట్ పలకను బిగించారు. ఉలిమొన పలకకు తగిలీ తగలకుండా ఆనే చోటు పట్టాలి. దానికి సన్నటి కాగితం మొన కింద పెట్టి, మొనను దించుతూ కాగితాన్ని లాగుతుండాలి. కాగితం పట్టేసిన చోటే యంత్రానికి లెక్క మొదలు. గానిమ్ మరీ వంగి చూస్తుంటే రఫల్, "కాస్త వెనక్కి జరుగు బాబాయ్, కాగితంతోపాటు నీ మీసం కూడా పట్టేస్తుంది," అంది. చాన్నాళ్లకు ఆయన నవ్వాడు.

కరెంటు సంగతి కూడా రఫల్ ముందే చెప్పింది. సర్కారు కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు గనక వీధి మొత్తానికీ కరెంటిచ్చే జనరేటర్ మీదే నడుపుదామంది. మధ్యలో మాత్రం మార్చకూడదు. రెప్పపాటు కరెంటు ఆగినా యంత్రం తానెక్కడుందో మర్చిపోతుంది. గానిమ్ శ్రద్ధగా తలూపాడు.

ఉలి తిరిగింది. వాల్‌నట్ వాసన గదంతా నిండింది. పలక మీద మొదటి నక్షత్రం పల్చగా పడుతుంటే గానిమ్ గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

అంతలో తలుపు మీద పచ్చ బల్బు వెలిగింది. సర్కారు కరెంటు వచ్చిందన్నమాట. ఆ ఊళ్లో ఆ బల్బు వెలిగితే ముందు చెయ్యి లేస్తుంది, బుద్ధి తరవాత కదులుతుంది. జనరేటర్ మీద నీళ్ల పంపు ఆడదు, కూలర్ ఆడదు. అందుకని చంకలో బిడ్డ ఉన్న తల్లి అయినా పరిగెత్తి జనరేటర్ నుంచి సర్కారు కరెంటుకు మార్చే చేంజోవర్ మీట పైకెత్తుతుంది. గానిమ్ ఆ మీట పక్కనే నిలబడి ఉన్నాడు. ఎత్తేశాడు. దానికి రెండు వేళ్లు చాలాయి.

యంత్రం టక్కున ఆగింది. మళ్లీ దీపాలు వెలిగాయి గాని ఉలి తిరగలేదు.

రఫల్ అరవలేదు. "బాబాయ్, ఏం చేశావు," అంది, అంతే.

గానిమ్ మీట మీదున్న తన చేతిని ఎవరిదో అన్నట్టు చూశాడు. "నేను కాదమ్మా, చెయ్యి," అన్నాడు.

ఆగిన చోటు నుంచే అందుకుందామని రఫల్ కంగారుగా మళ్లీ నడిపింది. ఉలి వేలెడు పక్కకు దిగి, నక్షత్రాన్ని అడ్డంగా దున్నుకుంటూ పోయింది. ఆమె గబుక్కున ఆపేసింది. వేరే పలక లేదు. తెచ్చే వేళా లేదు. రఫల్ కుర్చీలో కూలబడి మొహం కప్పుకుంది.

గానిమ్ పలక మీద బొటనవేలు నడిపాడు. గాడి ఇంకా లోతుగా దిగలేదు. "తిరగెయ్యి, వెనక వైపు కొత్తదే," అన్నాడు. మీటను జనరేటర్ వైపుకు దించారు. మళ్లీ దారం, మళ్లీ కాగితం. ఈసారి ఉలి తిరగగానే ఆయన గదిలో ఉండలేదు. తన చేతిని నమ్మలేక సందులోకి పోయి, దాన్ని చంకలో ఇరికించుకుని గోడ పక్కన కూర్చున్నాడు. లోపలి రొద ఎక్కడ ఆగుతుందోనని వింటూ ఉన్నాడు.

సుండుస్ మేడమ్ వచ్చేసరికి జాలీ కోయడం పూర్తయింది. ఆవిడ ఎత్తి వెలుగుకు పట్టి చూసింది. బాగుందంది. తరవాత తిప్పి చూసింది. వెనక అడ్డంగా గాడి.

"ఇదేంటి, కరెంటు వల్లేనా?"

కరెంటు వల్ల అంటే ఈ చోటు యంత్రానికి పనికిరాదంటారు. గానిమ్‌కు అది అర్థమైంది. తన పేరు చెబితే ఏమవుతుందో కూడా అర్థమైంది.

"కరెంటు కాదు మేడమ్. నడుస్తుంటే నేనే మీట ఎత్తాను."

"మీరు ఎత్తకపోతే సరిగ్గా ఆడేదేనా?"

"చూశారుగా, ఆడింది."

ఆవిడ ఆయన చేతి వైపు చూసింది. "యంత్రం ఇక్కడే ఉంటుంది. మీరు మాత్రం దాన్ని ముట్టకండి. ఏమనుకోకండి హాజీ, నేనూ పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి."

"ఎన్నాళ్లు?"

"నాకే తెలీదు."

రఫల్ ఆవిడ వెంటపడి బతిమాలుతూ బయటికి వెళ్లింది. మాటలు దూరమయ్యాయి. గానిమ్ ఒక్కడే మిగిలాడు. యంత్రం వైపు చూడకుండా జాలీని ఒళ్లో పెట్టుకున్నాడు. ఉలి తెంపిన అంచులు నూగునూగుగా ఉన్నాయి. దీన్ని ముట్టొద్దని ఆవిడ అనలేదు. గరుకు కాగితం ముక్క చింపి చిటికెనవేలికి చుట్టాడు. జారిపోయింది. పళ్లతో పట్టి మళ్లీ చుట్టాడు.