ట్యాంకుకు అభ్రకం కిటికీ

వరాషియా అనే దేశం ఎక్కడుందో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. ఎడారి దేశమని మద్రాసు ఏజెంటు చెప్పాడు. 1958లో వాళ్లు సొంతంగా యుద్ధ ట్యాంకు తయారీ మొదలుపెట్టారు. గుండు తగిలితే గాజు పగిలి డ్రైవరు కళ్లలో పడుతోందని, అతని కిటికీకి అభ్రకం రేకులు కావాలన్నారు. మనుబోలులో నా షెడ్డు ఉంది. పద్నాలుగు మంది ఆడవాళ్లు అభ్రకం చీలుస్తారు.

మొదట ఎనిమిదంగుళాల రేకులు ఆరు పంపాను. రెండేళ్లకు ఆరంగుళాలవి నలభై. అరవై రెండులో నాలుగంగుళాలవి ఆరువందలు. ట్యాంకు సైన్యంలో చేరిందని ఆ అంకెను బట్టే తెలిసింది. కిటికీ ఎందుకు చిన్నదవుతోందో మాత్రం అర్థం కాలేదు. ట్యాంకు తగ్గుతోందా, భయం పెరుగుతోందా?

అరవై నాలుగులో ఒక పెట్టె తిరిగొచ్చింది. అందులో రెండువందల పన్నెండు రేకులు, ఇసుక గీతలతో తెల్లబారి ఉన్నాయి. మూడు వారాలకే డ్రైవర్లకు దారి కనపడటం లేదట. మంచి సరుకు పంపకపోతే ఒప్పందం రద్దట.

చీల్చేవాళ్లలో పెద్దదైన అంకాలమ్మను పిలిచాను. ఆమె ఒక రేకు అంచున కత్తిమొన పెట్టి పైపొర ఒలిచేసింది. కింద నీళ్లలా తేటగా ఉంది.

"దీనికా సాయిబూ ఇంత గోల? ఆ దేశంలో ఎర్రగడ్డలు ఒలిచేవాళ్లే లేరా?"

"మెల్లగా మాట్లాడు. ఈ కిటుకు చెబితే మళ్లీ కొంటారా?"

"చెప్పకుంటే?"

"ఒప్పందం పోతాది. మీకు పని ఉండదు."

"మనమే ఒలిచి పంపితే?"

"మూడు వారాలకు మళ్లీ ఇదే పెట్టె."

"ఎట్ట జూసినా పొయ్యేదే. ఇంకేం లెక్కబెడతా కూచున్నావు? ఆ బండిలో ఉండేవోడికి దారి కనపడాల గదా!"

రెండు వైపులా నష్టమే చూపించే లెక్క నాకు అంతకుముందు తగల్లేదు. ఒలిచిన రేకులు, ఆమె కత్తి, ఒలిచే పద్ధతి రాసిన కాగితం పెట్టెలో పెట్టి పంపాను.

పదకొండు నెలలు జవాబు లేదు. ఆడవాళ్లలో ఆరుగురు నాట్లకు పోయారు. అప్పుడొచ్చింది ఆర్డరు: ఎక్కువ సార్లు ఒలుచుకునేలా రెట్టింపు మందం రేకులు తొమ్మిదివందలు, కత్తులు తొమ్మిదివందలు.

చదివి వినిపించాను. అందరూ నవ్వారు. అంకాలమ్మ నవ్వలేదు.

"అవతల తట్టోళ్లకు గూడా బండ్లుంటాయి గదా సాయిబూ. వాళ్లకు రేకులు ఎవురు పంపతారు?"

కొత్త గిరాకీ చూపిస్తోందో, నన్ను తప్పుపడుతోందో ఆమె మొహంలో తేలలేదు. నాట్లకు పోయిన ఆరుగురికీ కబురు చేయమన్నాను.