రొట్టెల కొట్లో రేపటి మాట

దగ్గరికి జరగండి పిల్లలూ. పొయ్యి పక్కన చోటుంది, కూర్చోండి.

మన వల్‌బ్రియాన్‌లో అప్పట్లో ఆన్సెల్మ్ రొట్టెలు కాల్చేవాడు. తెల్లారేసరికి ఊరంతా పొడుగు రొట్టెలు చంకన పెట్టుకుని ఇళ్లకు పోయేది. ఎవరైనా రేపటి మాట చెబితే, అది జరిగేదైతే, చర్చి గంట తాడు లాగకుండానే ఒక్కసారి మోగేది. "ఎవరో ఖాయం చేశారు" అనుకుని ఎవరి పనిలో వాళ్లు పడేవాళ్లు. ఫ్రెంచిలో రేపటి గురించి ఎన్ని రకాలుగా చెప్పొచ్చో బళ్లో మీకు నేర్పాను కదా? మన వాళ్లకు అన్నిటికీ ఒకటే మాట: "చూద్దాం." అందుకే మూడేళ్లుగా గంట మోగలేదు.

అందరికంటే ఎక్కువగా ఆ మాట అన్నది జోసియాన్. పదమూడేళ్లు ఆ కొట్లో పిండి పిసికిన మనిషి.

"నా మోకాళ్లు పోయాయి, ఈ కొట్టూ పొయ్యీ నువ్వు తీసుకోవే" అని ఆన్సెల్మ్ ఏటా అడిగేవాడు.

"చూద్దాంలే పెద్దాయనా."

చివరికి విసిగి, కొట్టు పట్నం ఆసామికి అమ్ముతానన్నాడు. ఆయన పొయ్యి పడగొట్టి కారు పెట్టుకుంటాడట. సోమవారం సంతకం.

ముందురోజు రాజుల పండగకి ఊరంతా కొట్లో చేరింది. బాదం రొట్టెలో చిక్కుడుగింజ దాచి కోస్తే, అందరిలోకీ చిన్నవాళ్లు బల్ల కింద దూరి ఏ ముక్క ఎవరికో చెప్పాలి. అప్పుడు ఊళ్లో పిల్లలే లేరు. ఉన్నవాళ్లలో చిన్నదని నలభై ఏళ్ల జోసియానే దూరింది.

"ఇదెవరికే?"

"పోస్టుమాన్ గాస్తోన్‌కి!"

"మరి ఇది?"

"నాకే."

గింజ ఆమె పంటికే తగిలింది. నెత్తిన అట్ట కిరీటం పెట్టారు. అది పెట్టుకున్నవాళ్లు ఆ ఏడాది ఏం చేస్తారో చెప్పి తీరాలి.

"చెప్పండి రాణీగారూ, చూద్దామనేనా?" అన్నాడు గాస్తోన్. అందరూ పడిపడి నవ్వారు.

జోసియాన్ నవ్వలేదు. పొయ్యి వైపు చూసింది.

"ఈ పొయ్యిని ఎవరూ పడగొట్టరు. నేను తీసుకుంటాను. రేపు ఏడింటికి వేడి రొట్టె ఇస్తాను. రాకపోతే మీ ఖర్మ."

గంట మోగింది. గ్లాసులు గలగలలాడాయి.

ఆన్సెల్మ్ అమ్మకం కాగితం తీసి పొయ్యిలో పడేసి, తాళంచెవి ఆమె ముందుకు తోశాడు. "పదమూడేళ్లు పట్టిందే నీకు నోరు తెరవడానికి!"

"నేనొస్తా, రెండు రొట్టెలు!" అన్నాడు గాస్తోన్. మళ్లీ గంట.

"మా అమ్మాయిని, అల్లుణ్ణి ఊరికి పిలిపిస్తాను!" అంది ఒక ముసలామె. మళ్లీ గంట. ఆ సాయంత్రం అది ఆగితే ఒట్టు.

ఆ ముసలామె పిలిస్తే వచ్చినవాళ్లు, వాళ్లను చూసి వచ్చినవాళ్లు... లేకపోతే మీరు పదిహేను మంది ఎక్కణ్ణుంచి వచ్చారనుకున్నారు? మొన్న పండక్కి బల్ల కింద చోటు కోసం కొట్టుకున్నది మీరే కదా.

ఇక లేవండి. ఇంట్లో సూప్ చల్లారిపోతోంది. దారిలో జోసియాన్ దగ్గర రొట్టె తీసుకోండి. రేపు పాఠం చదువుకొస్తారా?

ఏదీ, గంట వినపడలేదే? ఇంకోసారి, మనసులోంచి చెప్పండి.

ఆఁ, అదిగో మోగింది. పోండి, తినండి.