మూడో బేస్ వైపు వల

వల కట్టమని వెర్నా లిండ్‌క్విస్ట్ రెండేళ్లుగా అడుగుతూనే ఉంది. నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊరి బేస్‌బాల్ మైదానంలో, బంతులు జనానికి తగలకుండా ఆపే వల బ్యాటర్ వెనక మాత్రమే ఉంది. కుడిపక్క మొదటి బేస్ వైపూ, ఎడమపక్క మూడో బేస్ వైపూ మెట్ల మీద కూర్చునేవాళ్లకు అడ్డంగా గుడ్డపీలిక కూడా లేదు. మైదానం కమిటీ పెద్ద డ్వైట్ ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు, ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆట చూసేవాళ్లకు వల అక్కర్లేదని. అదే మాట బోర్డు మీద రాయించి తగిలించాడు కూడా. చిన్నప్పుడు మూడో తరగతిలో అతనికి చదువు చెప్పింది వెర్నానే.

ఆ శనివారం మూడో బేస్ వైపు మెట్ల మీద, వెర్నాకు ముందు వరసలో కేలీ అనే అమ్మాయి నాలుగు నెలల పాపకు పాలిస్తోంది. బ్యాటర్ తొందరపడి బ్యాటు తిప్పాడు. బంతి మైదానం పక్కగీత దాటి మెట్ల మీదికి దూసుకొచ్చింది. అరిచే వ్యవధి లేదు. వెర్నా ముందుకు వంగి పాప తలకు అడ్డంగా చెయ్యి పెట్టింది. మణికట్టు విరిగిన చప్పుడు పక్కవాళ్లకు వినిపించింది. పాపకు ఏమీ కాలేదు.

డ్వైట్ ఐసు సంచీతో పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే కేలీ వైపు తిరిగి, "పాలిచ్చేదానివి వల వెనక్కెళ్లి కూర్చోవాలి కదమ్మా? బోర్డు చూళ్లేదా?" అన్నాడు.

కేలీ పాప తల తడిమి చూసుకుంటోంది. వెర్నాకు ఒళ్లు మండిపోయింది.

"నేను చూస్తూనే ఉన్నాను కదరా. రెప్ప వెయ్యకుండా చూస్తున్నా నా చెయ్యి విరిగింది. తప్పు ఈ పిల్లదా?"

"ముందు ఆసుపత్రికి పదండి టీచరుగారూ. తర్వాత మాట్లాడుకుందాం."

"రెండేళ్ల నుంచీ తర్వాతే అంటున్నావు."

ఆమె చేతిని గుండెకు అదుముకుని మైదానంలోకి నడిచింది. బ్యాటర్ నిలబడే చోట మట్టిలో కూర్చుని, ఆ మెట్లు ఖాళీ అయ్యేదాకా కదలనంది. డ్వైట్ బతిమాలాడు, కసిరాడు. ఈలోగా మెట్ల మీదివాళ్లే ఒక్కొక్కరూ లేచి వల వెనక్కి వెళ్లిపోయారు. అంపైరు మాస్కు తీసేసి, ఇటువైపు వల కట్టేదాకా ఇక్కడ ఆట ఆడించనని చెప్పేశాడు. అప్పుడు గానీ ఆమె ఆసుపత్రికి బయల్దేరలేదు.

పదకొండో రోజుకల్లా మూడో బేస్ వైపు వల వచ్చింది. డ్వైట్ మైకు పట్టుకుని, ఇది కమిటీ ఎప్పటినుంచో అనుకుంటున్న పనేనని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. కేలీ కొట్టలేదు. వెర్నా చేతికట్టుతో లేచి నిలబడింది. కోపం వీసమెత్తు తగ్గలేదు.

"మొదటి బేస్ వైపు ఎప్పుడు కడతావో అదీ చెప్పు, డ్వైట్," అంది.