తలుపు దగ్గరి పీట

మేజోడు ఊడి రాలేదు. టైలరు బాబాయి కుడిపాదానికి అది అతుక్కుపోయింది. నర్సు నీళ్లతో తడిపి మెల్లగా లాగుతుంటే, ఆయన ఫ్యాను వైపు చూస్తూ, "భయపడకమ్మా, నాకు నొప్పే తెలీదు. అదొక్కటీ అదృష్టం," అన్నాడు.

ఏళ్ల తరబడి షుగరున్న పాదానికి నొప్పి తెలియకపోవడాన్ని మించిన దురదృష్టం లేదు. మేజోడు వచ్చేసింది. బొటనవేలు నల్లబడింది. దాని కింద అరికాల్లో ఒక గుంట, గుంటలో విరిగిన మిషను సూది ముక్క. ఎరుపు చీలమండ దాటి పైకి పాకుతోంది.

"వాసనొస్తోందని వారం నుంచీ మొత్తుకుంటున్నాను," అంది బాబాయి భార్య. ఆవిణ్ణి అందరూ పిన్ని అంటారు. "అక్కడ నలుగురు చూస్తున్నారు, నువ్వు ఐదోదానివా అని ఈయన నా నోరు మూయించారు."

నలుగురు. ఆ మాటకు నర్సు తలెత్తలేకపోయింది.

ఆ క్లినిక్‌లో షుగరు మనిషిని ఒక్కరు చూడరు, జట్టుగా చూస్తారు. పొడవాటి గదిలో కుర్చీ తర్వాత కుర్చీ. మొదట నర్సు బూట్లు విప్పించి బరువు తూచి, బీపీ చూసి, రక్తం తీస్తుంది. తర్వాత తిండి సంగతులు చెప్పే ఆవిడ. ఆవిడ నోట "తినండి" అనే మాట ఎవరూ విన్న పాపాన పోలేదు కాబట్టి ఆవిడకు వద్దమ్మ అని పేరు. ఆ పక్కన ఇన్సులిన్ పొడుచుకోవడం నేర్పే మందులాయన. చివర డాక్టరుగారు. తలుపు దగ్గర ఒక పొట్టి పీట. దానిమీద కూర్చోబెట్టి పాదాలు, వేళ్ల సందులు వెతకడం ఆయా పని.

ఆయా రిటైరైంది. ఇకమీదట టీ ఎవరు పెడతారని అందరూ బెంగపడ్డారు. పాదాలెవరు చూస్తారన్న ఆలోచన ఒక్క బుర్రకూ తట్టలేదు. ఆయా వెళ్లినా పీట అక్కడే ఉంది. బాబాయి వచ్చినప్పుడల్లా వెళ్లేముందు దానిమీద కూర్చుని బూట్లు తొడుక్కునేవాడు. పీటమీద మనిషి కనిపించాడంటే పాదాలు చూడ్డం అయిపోయినట్టే, అది ఆ గది అలవాటు. నర్సు మందులాయన చూశాడనుకుంది. ఆయన వద్దమ్మ చూసిందనుకున్నాడు. వద్దమ్మా డాక్టరుగారూ నర్సు చూసిందనుకున్నారు. పదిమంది చేతిలో పాము చావదంటారు. ఇక్కడ నలుగురు సరిపోయారు.

డాక్టరుగారు వంగి చూసి, అంబులెన్సుకు కబురు పెట్టమన్నారు.

"వేలు తీసేస్తారా?" అంది పిన్ని.

"వేలితో ఆగితే మంచిదే. పెద్దాసుపత్రిలో చీలమండ పైదాకా తీయాల్సి రావచ్చు. లేకపోతే ప్రాణానికే ముప్పు."

"మిషను తొక్కేది ఆ కాలేనండీ," అంది పిన్ని. "ఆ సూది ఎప్పుడు గుచ్చుకుందో ఏమో. నెలంతా మీ కోట్ల పనిమీదే కూర్చున్నారు. కుట్టు వంకర పోతే వాళ్లముందు తలెత్తుకోలేనని అన్నం కూడా మిషను దగ్గరే తిన్నారు."

నలుగురూ తమ ఒంటిమీది కొత్త నీలం కోట్లు చూసుకున్నారు. జట్టంతా ఒక్కటిగా కనిపించాలని వాళ్లే ముచ్చటపడి కుట్టించుకున్నారు.

నర్సుకు ఏడుపు తన్నుకొచ్చింది. "బాబాయ్, మేం చూడలేదు. ఆయా వెళ్లాక ఒక్కసారి కూడా, ఒక్కరం కూడా చూడలేదు."

మందులాయన గోడవైపు తిరిగాడు. బాబాయి విన్నాడో, వినదలచుకోలేదో. ఆయన కళ్లు నర్సు చేతిమీద ఆగాయి.

"కోటు కుడిచెయ్యి పొడుగైందమ్మా. కొలత సరిగ్గా చూసుకోలేదు. తప్పు నాదే. ఇలా విప్పివ్వు, తిరిగొచ్చాక సరిచేసిస్తాను."

అరంగుళం కూడా ఉండదు. నర్సు కోటు విప్పి ఇచ్చింది. ఆయన దాన్ని మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. స్ట్రెచరు కదులుతున్నప్పుడు కూడా దానిమీంచి చెయ్యి తీయలేదు.

అంబులెన్సు ఎక్కించాక పిన్ని ఆ కోటు తీసుకుని దిగి వచ్చింది. నర్సును ఒక్క మాటా తిట్టలేదు. కోటు చేతిలో పెట్టి, "ఇంకెవరిచేతనైనా కుట్టించుకోమ్మా," అని బండెక్కింది.