ఎలీసబెతు దాక్కున్న నెలలు

శనివారం సాయంత్రం కుర్చీ వంటింటి గడప దగ్గరికి లాక్కుని ఆదివారం ప్రసంగం సిద్ధం చేసుకోవడం పాస్టరు దేవసహాయం అయ్యగారికి పెళ్లయిన కాడి నుంచీ అలవాటు. వాక్యం ఆయనది, దానికి తగిన దృష్టాంతం భార్య జ్ఞానాంబది. వడమాలపేట సంఘంలో ఏ ఇంట్లో ఏం జరిగిందో ఆమెకు తెలిసినంత ఆయనకు తెలియదు.

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం రెండో ఆదివారానికి, బైబిల్లో ముసలితనంలో కడుపు పండిన ఎలీసబెతు కథ వచ్చింది. జ్ఞానాంబ చింతపండు పిసుకుతూ సంఘంలోని భానుప్రియ సంగతి చెప్పేసింది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆ పిల్లకు మళ్లీ నెల తప్పింది. అంతకు ముందువి నిలవలేదు. అందుకే మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దని స్త్రీల కూటం అయినాక జ్ఞానాంబ ఒక్కదానికే చెప్పుకుంది. మొగుడికి చెబితే బయట చెప్పినట్టు కాదనుకుంది జ్ఞానాంబ.

అయ్యగారు పేరెత్తలేదు. ఆదివారం ఆరాధనలో ఆగమన కాలపు రెండో కొవ్వొత్తి వెలిగించినాక, మన మధ్యనే ఒక సోదరి, ఇన్నేళ్ల కన్నీళ్లు, అన్నారంతే. గుప్పెడు ఇళ్ల సంఘంలో వేరే పేరెందుకు? ఆరాధన ముగిశాక ముసలమ్మలు భానుప్రియ బుగ్గలు పుణికారు. ఉయ్యాలకు చీర నాదేనని ఒకామె మాటిచ్చింది. భానుప్రియ అందరికీ నవ్వుతూనే తలూపింది. ఆ నవ్వుతోనే ఒక్కసారి జ్ఞానాంబ వైపు చూసింది.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా తిరుపతి ఆస్పత్రిలో ఆ కడుపూ పోయింది. ఇంటింటికీ తిరిగే పాటలవాళ్లు భానుప్రియ గేటు ముందు ఆగారు. పైన కాగితం నక్షత్రం వేలాడుతోంది గానీ లోపల దీపం లేదు. శిశువు పుట్టాడనే పాటలు తప్ప వేరేవి రావు వాళ్లకు. పాడకుండానే పక్కింటికి కదిలిపోయారు.

పండగనాడు కూడా భానుప్రియ గుడికి రాలేదు. మర్నాడు జ్ఞానాంబ క్యారియర్ పట్టుకుని వెళ్లింది. భానుప్రియ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

"తప్పు నాదే భానూ. అయ్యగారికి నేనే సెప్పినా."

"ఎలీసబెతు గూడా అయిదు నెల్లు ఎవురి కంటా పడకుండా దాక్కునింది గదమ్మా. ఆ మాట అయ్యగారు సదవలేదు." గ్లాసు తీసుకుని లేస్తూ మెల్లగా అంది: "మంచి మాట మీరు సెప్పేసినారు. సెడ్డది ఇంటింటికీ నేను సెప్పుకోవాల్సి వస్తా ఉండాది."

జనవరిలో వచ్చే జ్ఞానుల పండగకన్నా గుడికి రమ్మంది జ్ఞానాంబ. భానుప్రియ క్యారియర్ కడిగి, తుడిచి ఇచ్చింది.

ఆ శనివారం అయ్యగారు మళ్లీ కుర్చీ లాక్కున్నారు. భానుప్రియ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆయన గొంతు తగ్గింది. తూర్పు జ్ఞానులు, పసిబిడ్డల్ని చంపించిన హేరోదు రాజు కోటలో, చెప్పరాని చోట, బిడ్డ యేసు సంగతి బయటపెట్టిన ఘట్టం దగ్గర ఆగి, "దీనికేమన్నా ఉండాదా జ్ఞానా?" అన్నారు.

ఉంది. అంతకంటే సరిపోయే దృష్టాంతం ఇన్నేళ్లలో ఆమెకు దొరకలేదు. వింటే సంఘమంతా కదలకుండా కూర్చుంటుంది.

"ఏమీ లేదండీ," అంది జ్ఞానాంబ. "వాక్యం వరకే సెప్పండి. అంతా సదవండి."

ఆయన కుర్చీ తీసుకుని ముందు గదిలోకి వెళ్లిపోయారు.