శుక్రవారం బడి పరీక్ష

మార్చి వచ్చిందంటే టీచర్లకు బుద్ధులు చెప్పేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో దిగుతారు. సుమలత గల్ఫ్‌లో పనిచేసే ఇండియన్ స్కూల్లో ఈసారి ఒకాయన దిగాడు. ఏడాది చివరి రోజులు చేతులు దులుపుకునే రోజులు కావనీ, చిన్న పరీక్ష పెట్టి ఎంత నేర్చుకున్నారో పిల్లలకే చూపించాలనీ, సంతోషంగా సాగనంపాలనీ గంటసేపు ఊదరగొట్టాడు. పేపర్లు దిద్ది దిద్ది నడుములు పడిపోయిన టీచర్లు ఆవలింతలు ఆపుకున్నారు. సుమలత మాత్రం నమ్మింది.

స్కూల్లో అవన్నీ చేసే తీరిక ఎలాగూ లేదు. కానీ ఆమెకు ఇంకో బడి ఉంది. సీబ్‌లో తన ఫ్లాటు హాల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం, చుట్టుపక్కల విల్లాల్లో ఇంటిపని చేసే తెలుగు ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పుతుంది. కడప నుంచి మహబూబీ, నసీమా, గోదావరి వైపు నుంచి రాజేశ్వరి, ఇంకో ఇద్దరు. కూతురు పంపే మెసేజీలు ఒకరి చేత చదివించుకోవడం మహబూబీకి నామోషీగా ఉండేది. ఇప్పుడు తనే చదువుకుంటోంది.

ఈ బడి మీద సుమలత భర్త సురేందర్‌కు మొదట్నుంచీ గురి లేదు.

"ఏడాది సంది శుక్రవారాలన్నీ ధారపోస్తున్నవ్. పరీక్ష పెట్టు, మంచిదే. వాళ్ళకేం రాలేదని తేలితే బంద్ పెట్టు" అన్నాడు.

"సరే, తేలితే బంద్" అంది సుమలత పంతంగా. వాళ్ళకు వచ్చని ఆమెకు తెలుసు కదా, ధైర్యం.

ఒక వారం ముందే బడిలో చెప్పింది. "మా స్కూల్ల మార్చితోటి ఏడాది అయిపోతది. పాసైనోళ్ళు పై క్లాసుకు పోతరు, ఏప్రిల్ల కొత్తోళ్ళు వస్తరు. మనం గూడ అట్లనే చేద్దాం!" ఆ ఫ్లాటులో పై క్లాసు ఎక్కడుందో ఆమె చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. ఒకరి మొహాలొకరు చూసుకుని వెళ్ళిపోయారు.

పరీక్ష రోజు సుమలత కేసరి చేసి పెట్టుకుంది. పేరు రాయమంది, పది మాటలు చెప్పి రాయమంది. కాగితాలు చేతికొచ్చాక ఆమెకు కళ్ళు తిరిగాయి. మహబూబీ తన పేరులో సగమే రాసింది. రాజేశ్వరి 'అమ్మ' రాయమంటే ఏదో జిలేబీ చుట్టింది. నసీమా కాగితం తెల్లగా ఉంది.

"మొన్ననే గడగడ చదివినవ్ గద అక్కా, ఇయ్యాల ఏమైంది?" అని మహబూబీని అడిగింది.

"మర్సిపొయినా టీచరమ్మా."

"నాక్కూడానండీ, బుర్రకి ఎక్కట్లేదండీ" అంది రాజేశ్వరి తల దించుకుని.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, అది ఒకరికైతే సరే. అందరికీ ఒకే వారంలో ఎలా పోతుంది? భయపడ్డారా? దిష్టి తగిలిందా? లేక ఇన్నాళ్ళూ వాళ్ళు బట్టీ కొడితే తాను మురిసిపోయిందా? ఎటు తిప్పి చూసినా సుమలతకు తలా తోకా దొరకలేదు. ఏడుపు మాత్రం దొరికింది.

"తప్పు మీది గాదు. నాకే చెప్పరాలే" అంది. "ఇగ ఈ బడి బంద్ చేస్త."

హాలంతా బిక్కచచ్చిపోయింది. మహబూబీ గబుక్కున కాగితం లాక్కుంది. పది మాటలూ వరసగా రాసింది. తన పేరు, నసీమా పేరు, రాజేశ్వరి పేరు, చివర సుమలత పేరు కూడా రాసింది. ఒక్క దీర్ఘం కూడా తప్పు పోలేదు.

"మరి ఇంతసేపు ఎందుకు రాయలే?"

"పాసైతే పంపిచ్చేస్తావు గదమ్మా! నువ్వే చెప్తివి, పాసైనోళ్ళు పోతారు, కొత్తోళ్ళు వస్తారని. చదువు అయిపాయ గదా, ఇంగ బయటికేమిటికి అంటాది మా మామా. ఈ బడుందనే శుక్రవారం గేటు దాటనిస్తాండారు. ఫెయిలైతే నీ కాడనే ఉంచుకుంటావని అందరం మాట్లాడుకుంటిమి."

మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు. మనిషి చెడ్డది కాదు. చదువంటే గౌరవం, షికారంటే అనుమానం.

సుమలత కాగితాలన్నీ దగ్గరికి లాక్కుంది. పరీక్ష పెట్టకపోయినా బాగుండేది. నిజం మార్కులు వేస్తే వీళ్ళకు వారంలో దొరికే ఈ రెండు గంటలూ పోతాయి. ఎర్ర పెన్ను తీసింది. తప్పన్నది లేని మహబూబీ కాగితం మీద పెద్ద సున్నా చుట్టింది. మిగతా కాగితాల మీదా అదే చుట్టింది.

"అందరు ఫెయిల్! వచ్చే శుక్రవారం మల్ల రాండ్రి."

చప్పట్లు మోగాయి. కేసరి మీద పడ్డారు. లోపలి గదిలోంచి సురేందర్ తొంగిచూసి, "అందరు ఫెయిలేనా? మరి బంద్ గాదా?" అన్నాడు.

"ఫెయిలైనోళ్ళను నడిమిట్ల ఎట్ల ఇడిచిపెడ్త?" అంది సుమలత.

మహబూబీ అప్పుడే ఫోన్ తీసి, ఏడుపు గొంతు పెట్టి, వచ్చీరాని అరబిక్‌లో మామాకు కబురు చెప్పింది. విని ఫోన్ పెట్టేసి సుమలత రెండు చేతులూ పట్టుకుంది.

"బాధపడొద్దనె టీచరమ్మా. ఈసారి బాగా చదవాలంట, ఇంకో గంట ఎక్కువుండి రమ్మనె!"

అందరూ నవ్వుతున్నారు, మహబూబీ ఈసారి నిజంగానే ఏడుస్తోంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో సుమలత ఎవరికీ ఇంత మంచి సున్నా వేయలేదు, ఇంత సిగ్గూ పడలేదు. ఇందులో తాను చేసింది మేలో, మోసమో ఆమెకు ఎంత ఆలోచించినా తెలియలేదు.