గుమ్మం దగ్గరి పక్క

"ఏమీ లేకుండా బతకడంలో ఎంత హాయి ఉందో నీకు తెలీదు" అని ఆయన అన్నప్పుడు, ఆమె ఆ ఏమీ లేకపోవడాన్నే సంచుల్లో సర్దుతోంది. అప్పటికి ఏడు సంచులయ్యాయి. ఇంకా నీళ్ల డబ్బాలు, గొయ్యి తవ్వుకునే చిన్న పార, వదులు ఇసుకలో గుడారం మేకులు నిలవవు కాబట్టి ఇసుక నింపి పాతిపెట్టడానికి తీసుకెళ్లే గుడ్డ సంచులు మిగిలే ఉన్నాయి.

ఆయన నగర నీటి సరఫరా విభాగంలో ఇంజనీరు. ఏడాదికోసారి, ఎండలు ముదరకముందు, సముద్రపు ఒడ్డున ఉన్న అడవిలో గుడారం వేసుకుని మూడు రాత్రులు గడపడం ఆయన పెట్టుకున్న నియమం. అక్కడ కొళాయి ఉండదు, దీపం ఉండదు, మరుగుదొడ్డి ఉండదు. సరుగుడు చెట్ల మధ్య అటవీశాఖ వాళ్లు చదును చేసి వదిలిన కాస్త జాగా, దానిపక్కన ఇసుక దిబ్బ, దిబ్బకి అవతల సముద్రం, అంతే. మనిషికి నిజంగా కావలసింది ఎంత తక్కువో అక్కడ తెలుస్తుందని ఆయన ఆఫీసులో చెబుతుంటే విన్నవాళ్లు తమ జీవితాలను తలచుకుని నిట్టూర్చేవారట. ఆ తక్కువ ఎంతో ఆమెకి కిలోల్లో తెలుసు. అడవిలోని మంచినీళ్ల ఊట దగ్గరికి పావుగంట నడక, రోజుకి నాలుగు సార్లు. నగరంలో లక్ష ఇళ్లకి నీళ్లు పంపే మనిషికి, ఆ మూడు రోజులూ తను తాగే నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయన్న సందేహం తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా కలగలేదు.

నలుగురు వెళ్తారు: ఆయన, ఆమె, మరిది, తోటికోడలు. మరిదికి ఫొటోల పిచ్చి. తెల్లారితే సూర్యుణ్ణి, పొద్దుగూకితే సూర్యుణ్ణి, మధ్యలో వదిన చేసిన టీని ఫొటో తీస్తాడు. నలుగురికీ ఒకటే పెద్ద గుడారం. అందులో ఎవరి చోటు వారికి మొదటి ఏడాదే స్థిరపడిపోయింది. ఆ ఏడాది బయల్దేరబోతుంటే అత్తగారు అంది: "ముందు లేచేది నువ్వే కదమ్మా. గుమ్మం దగ్గర పడుకో. అందర్నీ దాటుకుంటూ వెళ్లే బాధ ఉండదు." విన్నప్పుడు అది ఉపకారంలాగే అనిపించింది. అత్తగారు పోయి ఆరేళ్లయింది. ఆ మాట మాత్రం పోలేదు. తిండి సామాను సంచి కూడా గుమ్మం దగ్గరే ఉంటుంది గనుక, ఆమె పక్క ఆ సంచికీ గుడారం తలుపుగుడ్డకీ మధ్య పడింది.

గుడ్డకి అవతల నక్కలు తిరిగేవి. మొదట ఇసుకలో మెత్తని అడుగులు, తరవాత గుడ్డ అంచు దగ్గర వాసన చూస్తున్న శ్వాస. ఆమె లేచి కూర్చుని, తోడుగా పెట్టుకున్న గరిటెతో గిన్నెని రెండుసార్లు తట్టేది. గట్టిగా తడితే లోపలివాళ్లు లేస్తారు, మెల్లగా తడితే నక్కలు పోవు. ఆ రెంటికీ మధ్య ఎంత బలం వాడాలో ఆమె చేతికి తెలిసిపోయింది. అవి వెళ్లేవి, గంటకో గంటన్నరకో మళ్లీ వచ్చేవి. తెల్లారాక ఆయన ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చి, "ఎంత ప్రశాంతమైన అడవో చూశారా, పిల్లి కూడా రాదు" అనేవాడు. రెండో ఏడాది ఆమె చెప్పింది, నక్కలొచ్చాయని. "కలగని ఉంటావు" అన్నాడు. "వదినకి ఆకు కదిలినా నక్కే" అన్నాడు మరిది. అందరూ నవ్వారు, వాళ్లతోపాటు ఆమె కూడా. ఆ తరవాత మళ్లీ చెప్పలేదు.

ఆమె ఒక కాలేజీలో వృక్షశాస్త్ర ప్రయోగశాల సహాయకురాలు. ఇరవై ఆరేళ్ల నౌకరీ. విత్తనాలు నానబెట్టడం, గాజు పళ్లేలు కడగడం, కుండీలకి నీళ్లు పోయడం ఆమె పని. ఈ ఏడాది ఒక యువ అధ్యాపకుడు పత్రికలో వ్యాసం రాశాడు. సెలవుల్లో ముప్పై ఎనిమిది రోజులు నీళ్లు లేకుండానే ఒకానొక గడ్డిజాతి మొక్క పచ్చగా నిలిచిందని, దానికి అసాధారణమైన ఓర్పు ఉందని అందులో నిరూపించాడు. ఆ ముప్పై ఎనిమిది రోజులూ రోజు విడిచి రోజు బస్సెక్కి వెళ్లి ఆ కుండీకి నీళ్లు పోసింది ఆమే. ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది. సెలవుల్లో ప్రయోగశాల తాళం ఎవరి దగ్గర ఉంటుందో అతను అడగలేదు. వ్యాసం చదివి ఆమె చాలాసేపు నవ్వుకుంది. బస్సులో ఇంటికొస్తుంటే మాత్రం నవ్వు రాలేదు. కిటికీ పక్కన కూర్చుని, తెల్లవార్లూ కళ్లు మూసుకుని సముద్రాన్ని వినడం ఎలా ఉంటుందో తనకి తెలీదన్న సంగతి ఆలోచిస్తూ కూర్చుంది. తొమ్మిదేళ్లు, ఇరవై ఏడు రాత్రులు. ఆ హోరు జోకొడుతుందని ఆయన వర్ణిస్తుంటే వినడమే తప్ప, దాన్ని వింటూ నిద్రలోకి జారుకోవడం ఆమెకి అనుభవంలో లేదు. యాభై ఏడేళ్లొచ్చాయి. మోకాళ్లు ఇంకెన్ని ఏళ్లు ఇసుకలో నడవనిస్తాయో తెలీదు. ఆ చెట్ల కింద ఒక్క రాత్రి, ఒకే ఒక్క రాత్రి, ఎవరూ లేపకుండా, దేనికీ లేవకుండా నిద్రపోవాలి. ఆమె కోరిక అంతే.

మర్నాడు శాఖాధిపతిని అడిగి, మొక్కలు సేకరించడానికి వెళ్లేటప్పుడు వాడే ఒంటిమనిషి గుడారం ఒకటి తీసుకొచ్చింది. రెండు పుల్లలు, ఒక గుడ్డ. చుట్టచుడితే చంకలో పట్టేంత.

అటవీశాఖ గేటు దగ్గర దారి ఆగిపోతుంది. అక్కడి గార్డు చామనఛాయ మనిషి, ఆవిడకీ యాభై దాటి ఉంటాయి. అనుమతి కాగితం మీద తేదీలు చూసింది. "మూడు రాత్రులు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అటొస్తాను. తిండి కింద పెట్టకండి" అంది. చివరి మాట ఎవరూ వినిపించుకున్నట్టు లేదు. మగవాళ్లు గుడారం మోస్తున్నారు, కెమెరా మోస్తున్నారు. మిగిలినవన్నీ మిగిలిన ఇద్దరూ మోస్తున్నారు.

పెద్ద గుడారం లేచాక ఆమె తన చుట్ట తీసుకుని, దిబ్బ పక్కగా అరవై అడుగులు నడిచి, రెండు సరుగుడు చెట్ల మధ్య రాలిన ఆకుల మీద దాన్ని పరిచింది. ఆయన వెనకాలే వచ్చాడు.

"ఏంటిది?"

"టెంటు."

"టెంటని తెలుస్తోంది. ఎందుకు?"

"పడుకోడానికి."

"అలిగావా?"

"లేదండీ. నిద్రపోదామని."

ఆయనకి ఈ జవాబు బోధపడలేదు. కోపం అయితే ఏం చెయ్యాలో తెలుసు, ఏడుపైతే ఏం చెయ్యాలో తెలుసు. ఈలోగా మరిది వచ్చి, "వదినా, రెండో ఇల్లు కట్టేశారే. గృహప్రవేశం ఎప్పుడు?" అన్నాడు. "కట్టడమే ఆలస్యం, అయిపోయింది. నువ్వు రాలేదు" అంది ఆమె.

సాయంత్రం వంట చేసింది, వడ్డించింది. అది మానాలన్న ఉద్దేశం ఆమెకి లేదు. ఒకేసారి రెండు విషయాలు మారిస్తే ఏది దేనివల్ల జరిగిందో తెలీదని ప్రయోగశాలలో నేర్చుకుంది. పొద్దు వాలుతుండగా తన వంతు తిండి చిన్న సంచిలో కట్టి, తాడేసి, కొమ్మకి ఎత్తున వేలాడదీసింది. పెద్ద సంచికీ ఒక తాడు కట్టి ఉంచి, ఆయనకి చూపించింది.

"పడుకునేముందు దీన్నీ ఇలా పైకి లాగి కట్టండి. లోపల పెట్టుకోకండి."

"తొమ్మిదేళ్లలో ఒక్క నక్క రాలేదు. ఇవాళ వస్తుందా, ప్రత్యేకంగా మా కోసం?"

"రావచ్చు."

"నీ భయమే నీ చేత మాట్లాడిస్తోంది" అని ఆయన జాలిగా అన్నాడు. తరవాత తోటికోడలి వైపు తిరిగి, "అమ్మాయ్, ఇవాళ్టికి ఆ గుమ్మం దగ్గర నువ్వు పడుకో" అన్నాడు, కుర్చీ జరపమన్నంత తేలిగ్గా. ఆ అమ్మాయి తలూపింది.

ఆమె తన గుడారంలోకి దూరి పడుకుంది. ఏమీ వినిపించలేదని చెప్పడం అబద్ధం. సముద్రం వినిపించింది. ఒక అల విరిగి ఇంకో అల విరగడానికి మధ్య ఎంతసేపు పడుతుందో లెక్కపెడదామనుకుంది. పదకొండో అల దాకా గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి గుడ్డ అంతా వెలుగు. ఒళ్లు ఎంత బరువుగా ఉందంటే, జబ్బు చేసిందేమోనని మణికట్టు పట్టుకుని నాడి చూసుకుంది. బాగానే ఉంది. వాచీలో ఏడు దాటింది. అవతల గొంతులు పెద్దవవుతున్నాయి. జుట్టు ముడేసుకుని, చెప్పుల్లో ఇసుక దులుపుకుని, తొందర లేకుండా నడిచి వెళ్లింది.

గుడారం తలుపుగుడ్డ చీలికైపోయి ఉంది. పాలపొడి ఇసుక మీద తెల్లగా పరుచుకుని ఉంది, దానిమీద అడుగుల గుర్తులు. రొట్టె లేదు. గుడ్ల పెంకులున్నాయి. బియ్యం చుట్టూ చీమలు. టీ గిన్నెలో ఒక పీత, తనకి కేటాయించిన గదిలాగా, నింపాదిగా కూర్చుని ఉంది. మరిది దాన్నే ఫొటో తీస్తున్నాడు.

"ఎక్కడికి పోయావు నువ్వు?" అన్నాడు ఆయన.

"నిద్రపోయాను."

"ఇంత గొడవ జరుగుతుంటేనా? కాస్త చూసుకోవద్దూ?"

"ఏం చూసుకోవాలండీ? ఇక్కడికి పిల్లి కూడా రాదు కదా."

ఆయన ఆ అడుగుల వైపు చూశాడు. ఇంజనీరు గనుక గుర్తుల్ని గుర్తులుగా ఒప్పుకోక తప్పలేదు. "ఈ ఏడాదే వచ్చినట్టున్నాయి" అన్నాడు. "అడవిలో నీళ్లు తగ్గి ఉంటాయి. అందుకే."

సిద్ధాంతం బాగానే ఉంది. ఆమె దాన్ని ఖండించలేదు. ఖండించింది తోటికోడలు. నిద్ర చాలని మొహంతో, చిరిగిన గుడ్డ పక్కన కూర్చునే ఉంది.

"ప్రతి ఏడూ వస్తాయి బావగారూ."

"నీకెలా తెలుసు?"

"వినబడేది. అడుగులు, తరవాత గరిటె చప్పుడు. అక్క లేచింది కదా అని అటు తిరిగి పడుకునేదాన్ని. రాత్రి కూడా వినబడింది." ఆ అమ్మాయి గుడ్డ చీలికని దగ్గరికి లాగింది. "అక్క లేస్తుందిలే అనుకున్నాను. గుమ్మం దగ్గర పడుకున్నది నేనేనని తట్టలేదు."

మరిది కెమెరా దించాడు. ఆమె తోటికోడల్నే చూస్తూ ఉండిపోయింది. నక్కలు వచ్చేవని తనకి ముందే తెలుసు, అందులో కొత్తేమీ లేదు. తను మేలుకుని ఉండటం ఇంకొకరికి తెలుసన్నదే కొత్త. తెలిసీ, ఆ రోజు అందరూ నవ్వుతున్నప్పుడు ఆ అమ్మాయీ నవ్వింది.

"సరే, జరిగిందేదో జరిగింది" అన్నాడు ఆయన. తీర్మానాలు చెయ్యడం వచ్చినవాడు. "తిండి లేకుండా ఉండలేం. సర్దు, వెళ్దాం."

ఆ సర్దు ఏకవచనం. ఎవరిని ఉద్దేశించిందో నలుగురికీ తెలుసు.

"మీరు వెళ్లండి" అంది ఆమె. "నేను ఎల్లుండి వస్తాను."

"ఏమిటీ?"

"అనుమతి ఇంకా రెండు రాత్రులకి ఉంది. నా తిండి కొమ్మకి ఉంది."

"ఒక్కదానివే ఉంటావా? జనం వింటే ఏమనుకుంటారు?"

"ఇక్కడ జనం లేరు. అందుకే కదా మీరు ఈ చోటు ఎంచుకున్నారు. గార్డు రెండు పూటలా వస్తుంది."

ఆయన వాదించాడు. పాములన్నాడు, వర్షమన్నాడు, మోకాళ్లన్నాడు. చివరికి, "ఇంట్లో ఏమైనా లోటు చేశామా నీకు?" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆమెకి అది కనిపించింది. జవాబు ఆలోచించింది కూడా. లోటు చెయ్యడమంటే ఏదో తీసేసుకోవడం అనుకుంటాడు ఆయన. ఇరవై ఏడు రాత్రులు ఎవరూ తీసుకోలేదు. అవి ఉన్నాయనే ఎవరికీ తోచలేదు.

"నిద్ర వస్తోందండీ" అంది. "ఇంకా చాలా నిద్రుంది."

వాళ్లకి సర్దడానికి రెండున్నర గంటలు పట్టింది. పుల్లలు ఏ సంచిలో, తాళ్లు ఏ సంచిలో, అన్నదమ్ములు ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు. తడి గుడ్డని మడతపెట్టి, మళ్లీ విప్పి, ఆరబెట్టి, మళ్లీ మడిచారు. ఆమె దిబ్బ మీద కూర్చుని చూసింది. రెండుసార్లు లేవబోయి, కూర్చుంది. లేవబోయింది దయతో కాదనీ, వట్టి అలవాటుతోననీ రెండోసారి స్పష్టంగా తెలిసింది.

బయల్దేరేముందు తోటికోడలు దగ్గరికొచ్చింది.

"నామీద కోపమా అక్కా?"

"రాత్రి లేవనందుకు కాదు. నేనూ లేవలేదు." ఆమె ఆ అమ్మాయి భుజం మీద జారిపోతున్న సంచి పట్టీ తీసి, కొంచెం పక్కగా నిలబడ్డ మరిది చేతికిచ్చింది. "కలగన్నానని నవ్వారే, ఆ రోజు ఒక్క మాట అనాల్సింది."

"అనాల్సింది" అంది ఆ అమ్మాయి. వెళ్లబోతూ, "ఆ చిన్న టెంటు ఎవరిచ్చారక్కా?" అని అడిగింది.

"మా కాలేజీలో. రెండున్నాయి."

వాళ్లు చెట్ల మధ్య దారి మలుపు తిరిగేదాకా సంచులు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. తరవాత వినబడలేదు. ఆమె ఊట దగ్గరికి వెళ్లి ఒక్క సీసాడు నీళ్లు పట్టుకుంది. ఒక మనిషికి కావలసిన నీళ్లు ఒక చేతిలో పట్టాయి. ఎండుపుల్లలు నాలుగేరి, టీ పెట్టుకుని, వేడిగా ఉండగానే తాగింది. వచ్చే ఏడాది సంగతి ఏమిటని ఒక ఆలోచన వచ్చింది. అప్పుడే చెప్పడానికి తగినన్ని ఆధారాలు లేవని దాన్ని పక్కన పెట్టింది. ఆటు మొదలైనట్టుంది, అలల చప్పుడు దూరం జరిగింది. కప్పు కడగకుండా అక్కడే వదిలేసి, గుడారం తలుపు తెరిచే ఉంచి, ఆ మధ్యాహ్నం కూడా ఆమె నిద్రపోయింది.